తాకట్టు పెట్టిన తలపు

నరహరి చేసిన తప్పల్లా ఒక పెట్టె ఉండవలసిన చోట రెండు పెట్టెలు పెట్టడం. అదీ భార్య మీద ప్రేమకొద్దీ పెట్టాడు. అక్కడితో ఆగక, ఊరి మీద అభిమానంతో, అడిగిన సాక్షులందరికీ కాదనకుండా పెట్టిచ్చాడు. ఆయన కాస్త బద్ధకస్తుడైనా, కాస్త రాతిగుండె మనిషైనా గువ్వలలంకలో ఎవరికీ ఏమీ పోయి ఉండేది కాదు.

గువ్వలలంక గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఊరు. అరటితోటలు, కంద మళ్లు, అవతలి గట్టుకి దాటడానికి ఏసుబాబు నడిపే ఇంజను పడవ. ఎగువన గేట్లు ఒక్కసారిగా ఎత్తితే లంక మునుగుతుంది, ఎత్తకపోతే దిగువ కాలువలు ఎండుతాయి. ఎప్పుడు ఎత్తారు, ఎంత వదిలారు అన్నది పూర్వం ఎవరికి కావలసినట్టు వాళ్లు రాసుకునేవారు. ఇళ్లలోకి నీళ్లొచ్చాక కూడా గేట్లు మూసే ఉన్నాయని కాగితం చెప్పేది. ఆ బాధ పడలేకే సాక్షి గొలుసు వచ్చింది. చదువుకున్నవాళ్లు దాన్ని బ్లాక్‌చెయిన్ అనీ, సాక్షుల్ని వ్యాలిడేటర్లనీ అంటారు. లంకలో గొలుసు, సాక్షి, అంతే.

నది పొడుగునా ఊరికి కొందరు సాక్షులు. ఒక్కొక్కరి ఇంట్లో ఒక పెట్టె. ఆ పెట్టె తన రేవులో నీటిమట్టం చూస్తుంది, మిగతా రేవుల నుంచి వచ్చిన కొలతల్ని సరిచూస్తుంది, నిజమనిపిస్తే ముద్ర వేస్తుంది. మూడింట రెండు వంతుల మంది ముద్ర పడ్డాక ఆ కొలత గొలుసులో చేరిపోతుంది. ఆ తరవాత దాన్ని మార్చడం ఎంత పెద్దవాడి తరమూ కాదు. గేట్లు కూడా గొలుసు మాటే వింటాయి.

మరి సాక్షి అబద్ధం చెబితే? అందుకే తాకట్టు. మొదట్లో డబ్బు తాకట్టు పెట్టమన్నారు. దాంతో డబ్బున్నవాడి మాటే సాక్ష్యమైంది. పోతే పోయిందని ఒక అబద్ధం చెప్పి, పోయినదానికి పదింతలు నీళ్లలో రాబట్టుకునేవాడు. అప్పుడు కాకినాడ పరిశోధనశాలలో డాక్టర్ హైమవతి అందరి దగ్గరా సమానంగా ఉండేది ఏమిటా అని ఆలోచించింది. మనిషన్నవాడికి ప్రాణంతో సమానమైన జ్ఞాపకం ఒకటైనా ఉంటుంది కదా. దాన్ని తాకట్టు పెట్టించింది. చెవి వెనక బియ్యపు గింజంత యంత్రం అమర్చుతారు. నిజం చెప్పినంత కాలం జ్ఞాపకం నీదే. రెండు నాలుకలతో మాట్లాడావో, గొలుసు దాన్ని తీసేసుకుంటుంది. ఆ జ్ఞాపకం ఏమిటో ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్నవాళ్లకి కూడా. చెబితే పోయినా వాళ్లనడిగి తెచ్చుకోవచ్చు, ఇక తాకట్టుకి విలువేముంది?

నరహరి భార్య సత్యవేణి గువ్వలలంకలో పుట్టిన మనిషి, ఊరి సాక్షుల్లో ఒకతె. నరహరి ఆ పరిశోధనశాలలోనే పెట్టెలు బిగించే పని చేస్తూ, లంక పెట్టెల బాధ్యత తనదేనని అత్తవారి ఊళ్లోనే కాపురం పెట్టాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి ఆమె నుదుటికి పట్టీ కట్టుకుని, నది వైపు తిరిగి అరుగు మీద కూర్చునేది. కళ్లు మూసుకుని, కొంగు చివర వేళ్లతో మెలిపెడుతూ, ఆ తలపుని తలుచుకునేది. ఆ తలపు ముద్ర పెట్టెలో పడేది. ఆ ముద్రతోనే పెట్టె మర్నాడు సాయంత్రం దాకా ఆమె తరఫున సాక్ష్యం చెప్పేది.

ఆ కాసేపూ సత్యవేణి ముఖం చిన్నపిల్ల ముఖమైపోయేది. నరహరి స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండేవాడు. కాస్త అసూయ కూడా ఉండేది.

"అందులో నేనున్నానా?" అని అడిగేవాడు.

"ఉంటే మాత్రం మీకు చెప్తానా ఏంటండీ? కాలరెగరేసుకుని తిరుగుతారు," అనేది ఆమె పట్టీ విప్పుతూ.

చిక్కు కరెంటుతో వచ్చింది. పెట్టె మూగబోతే, సాక్షి పని మానేసినట్టు లెక్క. దానికి పెద్ద శిక్ష లేదు గానీ తాకట్టు కొద్దిగా అరుగుతుంది. ఒక వేసవిలో కరెంటు రోజుల తరబడి సతాయించి, పెట్టెలో బ్యాటరీ కూడా అయిపోయేది. ఒక సాయంత్రం సత్యవేణి పట్టీ తీసి చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"ఏవండీ, మసకేసిందండి," అంది చివరికి. "నిన్నటిదాకా బాగా కనపడేది. ఇవాళ రంగు తెలీట్లేదు."

ఆమె కళ్లలో నీళ్లు చూసి నరహరి ఆ రాత్రే పనిముట్ల సంచి తీశాడు. ఒక మనిషికి ఒకటే పెట్టె ఉండాలని ఆయనకి తెలియక కాదు. ఆ నియమం అందరికీ చదివి వినిపించిందే ఆయన. అయినా తెలివిమీరిన చేతులు ఊరుకోవు. ఆమె ముద్రకి నకలు తీసి రెండో పెట్టెలో పెట్టాడు. మొదటిది నోరు మూస్తేనే రెండోది నోరు విప్పేలా అమర్చాడు. వర్షాకాలమంతా కరెంటు ఎన్నిసార్లు పోయినా తలపు మసకేయలేదు. సత్యవేణి సంతోషించింది. ఏసుబాబు కూడా సాక్షే. ఆయన వచ్చి, "అయ్యా, నాకూ అదే ఇబ్బందండి, నాకూ ఓటి కట్టిపెడుదురూ," అన్నాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ వచ్చారు. నరహరి ఎవరినీ కాదనలేదు.

ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. పట్టపగలే చీకటి పడినట్టయి, లంకలో ఉన్న ఒక్క టవరూ ఒరిగింది. మొదటి పెట్టెలు చావలేదు, బ్యాటరీ మీద బతికే ఉన్నాయి. నీటిమట్టం చూశాయి, ముద్ర వేశాయి, కబురు వెళ్లే దారి లేక అలా కాచుకు కూర్చున్నాయి. రెండో పెట్టెలు ఆ మౌనాన్ని చావనుకున్నాయి. మేలుకుని, తమకి వేరుగా పెట్టిన దారిలో అవతలి గట్టు టవరుని పట్టుకుని, అప్పటికి మరో మూర పెరిగిన గోదావరిని చూసి, అదే పూట చెప్పవలసిన వంతుకి వేరే కొలత మీద ముద్ర వేశాయి. గాలి తగ్గి లంక టవరుని నిలబెట్టగానే మొదటి పెట్టెల మాట కూడా గొలుసుకి చేరింది. ఒకే సాక్షి, ఒకే వంతు, రెండు మాటలు. గొలుసు దృష్టిలో అంతకన్నా పెద్ద నేరం లేదు.

ఒక్కడే ఆ తప్పు చేస్తే గొలుసు కొంత తీసుకుని వదిలేస్తుంది, పొరపాటేమోనని. ఊరు ఊరంతా ఒకేసారి చేస్తే దాన్ని కుట్ర అంటుంది. అప్పుడు మొత్తం తీసేసుకుంటుంది. లంకలో పెట్టెలన్నీ ఎర్రదీపం వెలిగించాయి. నరహరి ఒక్కో ఇంటికీ వెళ్లి ఆ దీపం చూసి వచ్చాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

మర్నాడే కాకినాడ వెళ్లాడు. డాక్టర్ హైమవతి ఆయన చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆపెయ్యండి మేడమ్. తప్పు నాది, వాళ్లది కాదు."

"ఆపే మీట నేను పెట్టలేదు నరహరి గారూ. పెట్టి ఉంటే మొదటి వారమే ఏ పెద్దమనిషో దాన్ని నొక్కించేవాడు."

"పోనీ ఆ గింజ తీసెయ్యండి."

"దాని తాళం గొలుసే తియ్యాలి, మన వల్ల కాదు. మనం బలవంతంగా తీయబోతే అది అక్కడికక్కడే పని కానిచ్చేస్తుంది." ఆమె గొంతు తగ్గించింది. "మనం దేన్నైనా తలుచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం కాసేపు పచ్చి ఇటుకలా మెత్తబడుతుంది. తరవాత మళ్లీ గట్టిపడుతుంది. ఇప్పుడా గింజ దాన్ని గట్టిపడనివ్వదు. అంతే."

నరహరి ముందుకి వంగాడు. "అంటే తలుచుకోకపోతే?"

"ఉంటుంది. ఈసారి తలుచుకోవడమే ఆఖరు."

మిగతా రేవుల సాక్షులందరూ ఒప్పుకుంటే క్షమాపణ దొరకవచ్చనీ, వాళ్లని అడిగి చూస్తాననీ ఆమె మాటిచ్చింది. కానీ ఒప్పుకోవడమంటే ఆ రోజు రెండు ముద్రలు పడనే లేదని గొలుసులో అబద్ధం రాయడమే. అది చెబుతున్నప్పుడు ఆమె ఆయన ముఖం చూడలేదు.

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి అంది, "ముందు నా మీదే పరీక్ష చేసుకున్నాను. ఏం తాకట్టు పెట్టానో నాకిప్పుడు తెలీదు. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే వాసన వస్తే మాత్రం కాళ్లు ఆగిపోతాయి. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలవబోతున్నట్టు ఉంటుంది. ఎవరూ పిలవరు."

ఇంటికొచ్చి నరహరి అన్నీ చెప్పాడు. క్షమాపణ సంగతి వినగానే సత్యవేణి తల అడ్డంగా ఊపింది.

"వాళ్ల చోట నేనుంటే ఒప్పుకోనండి. మన కోసం ఓ అబద్ధం రాస్తే, రేపు ఎగువోళ్ల కోసం ఇంకోటి రాయాల. ఇంక గొలుసెందుకు?"

"అయితే నీది పోవాలా?"

"పోవాలని నాకు మాత్రం ఉందా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాతి రోజులు ఆ ఇంట్లో దయ్యం తిరిగినట్టే గడిచాయి. తలుచుకోకూడనిదాన్ని తలుచుకోకుండా ఉండటం ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది. సత్యవేణి సాయంత్రాలు అరుగు మీదికి రావడం మానేసింది. నది కనిపించే కిటికీ మూసేసింది. రేవు దారి వదిలి తోటకి చుట్టుదారిన వెళ్లేది. రేడియో గట్టిగా పెట్టి, రుబ్బనక్కర్లేని పప్పు కూడా రుబ్బేది. కునుకు పడితే కలలో వచ్చేస్తుందేమోనని భయపడేది. నరహరికి సాయం చేద్దామన్నా చేతకాలేదు. ఏది చూస్తే గుర్తొస్తుందో తెలిస్తే కదా దాన్ని దాచడానికి. ఒకసారి పాత ఇత్తడి గిన్నె, ఒకసారి తమ పెళ్లినాటి ఫొటో అటకెక్కించాడు. అవేవీ కావని ఆమె ముఖం చూస్తే తెలిసిపోయేది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి లోపల తాను ఎన్నడూ అడుగు పెట్టని గది ఒకటుందని ఆయనకి గుచ్చుకున్నట్టయింది.

ఊళ్లో ఒక్కొక్కరూ ఓడిపోతున్నారు. ఏసుబాబు పడవ నడుపుతూ నడుపుతూ ఏ ఆలోచనలోనో తలుచుకున్నాడట, అయిపోయింది. పెద్ద మలుపు దగ్గర గట్టు వైపు తిరిగి "హోయ్" అని కేకెయ్యడం ఆయనకి ముందు నుంచీ అలవాటు. ఇప్పుడూ వేస్తాడు. వేసి, ఇంజను తగ్గించి, బదులు కోసం చెవి ఒగ్గుతాడు. ఎవరి కోసమో ఆయనకే తెలీదు.

ఒక సాయంత్రం వాన మొదలైంది. తడిసిన ఒండ్రు వాసన మూసిన కిటికీలోంచి కూడా లోపలికి వచ్చింది. సత్యవేణి వంటింట్లోంచి వచ్చి నరహరి ఎదురుగా కూర్చుంది.

"ఇంక ఆగదండి. తన్నుకొస్తంది."

"ఇంకొక్క రోజు ఓర్చుకో వేణీ. ఇవాళో రేపో మేడమ్ దగ్గర నుంచి కబురొస్తుంది."

"దాచుకుని ఏం చేసుకోనండీ? తలుచుకోడానికి లేని తలపు ఉంటే ఎంత, పోతే ఎంత. ఎలాగూ పోయేదే. మీకు చెప్తా పోనిస్తాను. మీ దగ్గరుంటది."

ఆమె కళ్లు మూసుకుంది. ఆయన ఆమె చేతులు పట్టుకున్నాడు.

"నాకు ఐదేళ్లుంటాయి. గోదారొచ్చింది. మా అమ్మ నన్ను చంకనేసుకుని పడవెక్కింది. మరుసటేడు అమ్మ పోయింది కదా, ఫొటో కూడా లేదు. అమ్మ మొహం నాకు ఆ ఒక్క పూటే తెలుసండి. ముక్కు పక్కన పుట్టుమచ్చ. జుట్టంతా తడిసిపోయి చెంపలకి అంటుకుపోయింది. పడవ ఊగిపోతంది. నేను ఒకటే ఏడుపు. అప్పుడు అమ్మ కొంగు తీసి..."

నరహరి చొక్కా జేబులో ఫోను గుర్రుమంది. హైమవతి అయి ఉంటుంది. క్షమాపణ అయి ఉంటుంది. ఇంకా సగం కథ మిగిలే ఉంది, ఇప్పుడు ఆపమంటే ఆ సగమైనా మిగులుతుందేమో. ఒక చెయ్యి వదిలి ఫోను తీసి చూశాడు. సాక్షులు ఒప్పుకోలేదు, క్షమించండి, అని ఉంది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, గుటక మింగేంత సేపు, అంతే. తల ఎత్తేసరికి సత్యవేణి ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది.

"...ఇంకేం కాదు తల్లీ, అంది," అని ఆమె ముగించింది.

ఆ వెలుగు ముఖంలో కొంచెం కొంచెంగా తగ్గింది. ఆమె కళ్లు తెరిచి, వాన చప్పుడు విని, ఆయన్ని వింతగా చూసింది.

"ఏంటండీ అలా చూస్తన్నారు? నేనేమన్నా చెప్తన్నానా?"

గోడ మీద పెట్టెలో ఎర్రదీపం ఆరిపోయింది.

ఆ రాత్రే ఆమె అడిగింది, తాను ఏం చెప్పిందో చెప్పమని. ఆయన చెప్పాడు. పడవ, పుట్టుమచ్చ, చెంపలకి అంటుకున్న జుట్టు. కొంగు దగ్గరికి రాగానే నోరు దానంతట అదే దాటేసింది. "అప్పుడు మీ అమ్మ కొంగు తీసి నీ మొహం తుడిచింది. ఇంకేం కాదు తల్లీ, అంది."

సత్యవేణి పక్కింటివాళ్ల కథ విన్నట్టు విన్నది. "పాపం," అంది. "మంచి మనిషిలా ఉందండి."

నరహరి పెరట్లోకి వెళ్లి, నూతి గట్టు మీద కూర్చుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు.

ఆ తరవాత దీపాలు పెట్టే వేళకల్లా ఆమె మళ్లీ అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. పట్టీ లేదు, పెట్టె లేదు. నది వైపు తిరిగి కూర్చుని, "చెప్పండి," అనేది. ఆయన చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఆమె ముఖంలో ఏదో కదులుతున్నట్టు కూడా ఉండేది. నరహరికి ధైర్యం వచ్చింది. పోయినదాన్ని తన మాటలతో మళ్లీ కట్టేస్తున్నాననుకున్నాడు. ధైర్యం వచ్చిన మనిషి వర్ణనలోకి దిగుతాడు. పడవకి తెరచాప వచ్చింది. అమ్మ చేతికి ఆకుపచ్చ గాజులు వచ్చాయి. ఒకరోజు ఊపులో, "జోరున వాన కదా, మీ అమ్మ కొంగు తీసి నీ నెత్తిన కప్పింది," అన్నాడు.

సత్యవేణి ఆయన వైపు తిరిగింది.

"నిన్న తుడిచిందన్నారు."

"తుడిచి, తరవాత కప్పింది."

"మొన్నా తుడిచిందనే అన్నారు. కప్పిందని ఎప్పుడూ అన్లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఇన్నేళ్లు సాక్షిగా చేసినదాన్నండి," అంది. "ఒకే సాక్షి ఒకే సంగతికి రెండు మాటలు చెప్తే, రెండూ కొట్టెయ్యాలండి. ఏది ఉంచుకున్నా తప్పే." తరవాత మెల్లగా అడిగింది, "పుట్టుమచ్చయినా ఉందాండీ?"

"ఉంది. అమ్మ తోడు, ఉంది."

ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. మర్నాటి నుంచి అరుగు మీద కూర్చుంటూనే ఉంది. "చెప్పండి" అని మాత్రం అడగలేదు. గొలుసు ఒక్కసారే తీసుకుంది, మిగిలిన కాస్తా నేనే తీసేశానని నరహరి లోలోపల కుమిలిపోయాడు. పుట్టుమచ్చ నిజం. దాన్ని కూడా ఆయన నోరే అబద్ధం చేసింది.

కార్తీకంలో అవతలి గట్టున బంధువుల ఇంట్లో ఏదో శుభకార్యం ఉంటే ఇద్దరూ ఏసుబాబు పడవ ఎక్కారు. తుఫాను తరవాత ఆమె పడవ ఎక్కడం అదే మొదటిసారి. నడి పాయలోకి వచ్చేసరికి ఎదురుగాలి లేచింది. పడవ ఒక పక్కకి వాలి, మళ్లీ లేచింది. ఎవరో మూట పట్టుకోమని అరిచారు. పెద్ద మలుపు దగ్గర ఏసుబాబు గట్టు వైపు తిరిగి "హోయ్" అని కేకేసి, అలవాటు చొప్పున ఇంజను తగ్గించాడు. పడవంతా ఒక్క క్షణం ఆ రాని బదులు కోసం విన్నట్టు నిశ్శబ్దమైంది.

అప్పుడు నరహరికి మణికట్టు దగ్గర ఏదో బిగిసినట్టయింది. వంగి చూశాడు. సత్యవేణి చీర కొంగు ఆయన మణికట్టుకి చుట్టి ఉంది. దాని మీద ఆమె వేళ్లు ముడి వేస్తున్నాయి. ఒక ముడి, దాని మీద ఇంకొకటి, ఊడదని చూసుకోవడానికి ఒక లాగు. చకచకా, వెయ్యిసార్లు చేసిన పనిలా. ఆమె మాత్రం ఆ వేళ్లు తనవి కానట్టు వాటి వైపే చూస్తోంది.

"ఇదేంటండీ?" అంది. "ఎందుకిలా కడతన్నాను?"

అమ్మ కొంగు తీసి... నరహరికి ఇప్పుడు అర్థమైంది. తుడవలేదు, కప్పలేదు. కట్టింది. పడవ తిరగబడినా పిల్ల చేతి నుంచి జారిపోకుండా తన కొంగుకే కట్టేసుకుంది. కట్టి, ఇంకేం కాదు తల్లీ, అంది.

మాట నాలుక చివరికి వచ్చేసింది. ఈసారి అది నిజం కూడా. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి తాను వినలేదు. ఇప్పుడు ఊహించి చెబితే, అది మూడో ముద్ర.

"ఇది ఆ వేళ మీకు చెప్పానాండీ?" సత్యవేణి అడిగింది.

"చెప్పే ఉంటావు." అన్నాడు నరహరి. "నేను వినలేదు వేణీ. ఆ క్షణాన ఫోను చూశాను. కొంగు తీసి అన్నంతవరకే విన్నాను. తుడవడమూ, కప్పడమూ నేను కల్పించినవి."

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ముడి వైపు చూసుకుని, దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

"మొదట ఇది నాకెవరు కట్టారో గానీ," అంది, "నన్ను పోగొట్టుకోకూడదనుకున్నారండి."

ఆయన తల ఊపాడు.

"పుట్టుమచ్చ ఏ పక్క?" కాసేపటికి అడిగింది.

"ముక్కు పక్కన అన్నావు. ఏ పక్కో చెప్పలేదు."

"సరే," అంది సత్యవేణి. ఈసారి నమ్మినట్టే ఉంది.

ఏసుబాబు రేవులో తాడు విసిరాడు. జనం మూటలతో దిగిపోతున్నారు. ఆమె ముడి విప్పలేదు, ఆయన విప్పమనలేదు. పడవ నుంచి గట్టుకి వేసిన పలక మీద ఇద్దరూ కలిసి నడవడం కష్టమైనా, కొంగు ఊడకుండా ఒకరి వెనక ఒకరు జాగ్రత్తగా గట్టెక్కారు.